మా వంటింట్లో ఒనోమిచి మూల కుర్చీ

ఆ రోజుల్లో మనిషికి బుద్ధి తక్కువగానూ పట్టుదల ఎక్కువగానూ ఉండేవి. మనిషికి అంటే నాకే. ఇరవై మూడేళ్ళ వయసు, జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో మాస్టర్స్ రెండో సెమిస్టరు, బయట మొదటి లాక్‌డౌను. కాలేజీకి తాళం, లైబ్రరీకి తాళం, పిల్లలాడుకునే చోట ఉయ్యాలలకి ఎరుపూ తెలుపూ రిబ్బన్లు చుట్టేశారు. సరుకులకి తప్ప గడప దాటకూడదు. క్లాసులు లాప్‌టాప్‌లో వచ్చేవి, నేను పరుపు మీద పడుకుని వినేదాన్ని (విన్నానని మార్కుల కాయితం మీద మాత్రం ఎక్కడా ఆనవాలు లేదు). చెయ్యడానికి పని లేనప్పుడు మనిషి పట్టుదల వెళ్ళి దేనిమీదో ఒకదాని మీద పడుతుంది గదా. నాది వెళ్ళి ఒక అట్టు మీద పడింది. ఆ అట్టు సరిగ్గా రాకపోతే ఒక పిల్ల తన ఊరు చేరలేదన్నంత దాకా వ్యవహారం వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను, నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఆ మేడ మీది వాటాలో మేం ముగ్గురం. ఒకరు అక్క, భీమవరం నుంచి నాకంటే రెండేళ్ళు ముందొచ్చింది. కారం డబ్బా దగ్గర్నుంచి అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, కాయితాల దాకా ఇంట్లో అన్నీ ఆవిడ అజమాయిషీలోనే నడిచేవి. నన్ను పేరు పెట్టి పిలిచే ఓపిక లేక 'ఏమే హన్మకొండా' అనేది. మూడో గది జపాన్ అమ్మాయిది. వాళ్ళది ఒనోమిచి అని, సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఓడరేవు పట్నం. ఏ కబురు మొదలుపెట్టినా ఆ రేవు దగ్గరే మొదలుపెట్టేది కాబట్టి మేమిద్దరం ఆ పిల్లకి 'రేవు' అని పేరు పెట్టాం. అర్థం చెబితే సంతోషపడి, తెలుగులో ఎలా రాయాలో నేర్చుకుని తలుపు మీద అంటించుకుంది కూడా. మా ముగ్గురి మధ్యా నడిచేది ఇంగ్లిష్, అది కుంటినప్పుడల్లా కాస్త జర్మన్. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను, మీరూ నేనూ సుఖపడదామని.

రేవుకి రోజూ మధ్యాహ్నం ఊరెళ్ళే అలవాటుండేది. లాప్‌టాప్ తెరిచి, వీధులన్నీ ఫొటోలుగా కనబడే మ్యాపు పెట్టుకుని, ఒక్కొక్క బాణం నొక్కుకుంటూ తన చిన్ననాటి చోట్లన్నీ తిరిగొచ్చేది. మొదట్లో పక్కన ఊరికే కూర్చునేదాన్ని, వారం తిరిగేసరికి నేనూ ప్రయాణానికి తయారయ్యేదాన్ని. స్టేషన్ దిగగానే సముద్రం. అవతల దీవికి ఐదు నిమిషాల్లో దాటించే పడవ, సైకిళ్ళతో సహా బడిపిల్లలెక్కేది. (బడి అయిపోయాక వీళ్ళు అవతలి ఒడ్డుకి వెళ్ళి, దిగకుండా అదే పడవలో వెనక్కొచ్చేవాళ్ళట, గాలి కోసం.) తర్వాత పైకప్పున్న పొడవాటి బజారు, అందులో ఐస్‌క్రీం కొట్టు. కొండ మీదికి రాతిమెట్లు, మెట్టుకో పిల్లి. మెట్ల మధ్యలో ఒక పిట్టగోడ, పరీక్షల మార్కులు ఇంట్లో చెప్పే ముందు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని ధైర్యం తెచ్చుకునే చోటు. ఆఖరున ఒక సందులో బామ్మ కొట్టు. పొడుగాటి ఇనప పెనం, దాని ముందు ఆరు కుర్చీలు, గోడ వారనున్న మూల కుర్చీ రేవుది. వాళ్ళమ్మ పడవలు కట్టే కార్ఖానాలో పనిచేసి సాయంత్రానికి గానీ వచ్చేది కాదట. ఆరో క్లాసు నుంచి బడి చదువు అయ్యేదాకా ఆ పిల్ల అక్కడే కూర్చుని తిని, హోమ్‌వర్కు చేసుకుని, అమ్మ కోసం ఎదురుచూసింది. ఆ మ్యాపు ఫొటోలో బామ్మ కొట్టు ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉండేది. మొహం చెరిపేశారు గానీ, చీపురు పట్టుకున్న తీరు చూస్తే ఆ రోజు కోపంగా ఉందని తెలుస్తోంది అనేది రేవు.

నాకూ రోషమొచ్చి ఒకరోజు మా హన్మకొండ చూపిస్తానన్నాను. అప్పటికింకా మన ఊళ్ళకి ఆ వీధుల ఫొటోలు రాలేదు, పైనుంచి కప్పులు మాత్రమే కనబడేవి. మా కాలేజీ ముందరి మిర్చిబండి కోసం వెతగ్గా వెతగ్గా నీలం రంగు టార్పాలిన్ పట్టా ఒకటి కనబడింది. "ఇదే" అని చూపించాను. అది కాదని నాకు తెలుసు. రేవు మాత్రం దాన్ని దగ్గరగా చూసి, చాలా బాగుందని మర్యాదగా తలూపింది.

ఏప్రిల్లో ఒక మంగళవారం రేవుకి చిన్నప్పటి స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. బామ్మ కొట్టు మూసేస్తోంది. జనం రావడం లేదు, మోకాళ్ళు సహకరించడం లేదు, ఇక చాలనుకుంది. వచ్చే వారం శనివారం ఆఖరి రోజు. రేవు ఆ సాయంత్రమే విమానాలు వెతికింది. ఒకటి దొరికింది కూడా. పెట్టె దింపి సర్దడం మొదలుపెట్టాక అక్క జపాన్ వాళ్ళు పెట్టిన నిబంధనల కాయితం చదివి, వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. యూరప్ నుంచి దిగినవాళ్ళు పద్నాలుగు రోజులు గది దాటకూడదు. కొట్టు పదకొండు రోజుల్లో మూసేస్తున్నారు. ఎటు తిప్పి లెక్కపెట్టినా ఈ పిల్ల ఊళ్ళోనే ఒక గదిలో కూర్చుని ఉండగా అక్కడ షట్టరు పడిపోతుంది. రేవు ఏడవలేదు. పెట్టె మూసి అటక మీద పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కడిగి ఉన్న కప్పులన్నీ మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. మాకు అదే ఎక్కువ భయమేసింది.

మర్నాడు ఒక ఉపాయం తట్టింది. ఆ ఆఖరి రోజున స్నేహితురాలు ఫోను పట్టుకుని పాత చోట్లన్నీ తిప్పి, చివరికి దాన్ని తీసుకెళ్ళి మూల కుర్చీలో పెడుతుంది. బామ్మని అడిగారు. బామ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఫోను తినదు. తిననిదానికి నా కొట్లో కుర్చీ లేదు." ఊరి పెద్దలొచ్చి ఊరికే కూర్చుంటామన్నా లేపేసిన మనిషట. స్నేహితురాలు బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద ఒప్పుకుంది. తను ఇక్కడ చేసేదే అక్కడ ఎవరన్నా చేసి పెట్టాలి, రేవు కూర్చుని అదే వేళకి తినాలి, అప్పుడైతే కుర్చీ ఇస్తుంది. రేవు తనే లేచి వండుకుంటే కుదరదు, ఆ కొట్లో తినేవాళ్ళు తినే దాకా లేవరు.

ఆ చేసేదేమిటో విన్నారా? పెనం మీద ముందు పల్చటి అట్టు పొయ్యాలి. దాని మీద క్యాబేజీ తరుగు గుట్టగా, దాని మీద నూడుల్స్, పైన గుడ్డు, ఇదంతా ఒక్క విసురున తిరగెయ్యాలి, ఆఖరున తియ్యటి నల్లటి సాసు పుయ్యాలి. అడుగున అట్టు చిరిగితే అంతా చిరిగినట్టే. రేవు చెబుతూ చెబుతూ తలదించుకుంది. నేను లేచి నిలబడ్డాను. దోసెల దేశం పిల్లని నేనుండగా నీకేం బెంగ, నేను చేస్తానన్నాను. అక్క వైపు తిరిగి మన భాషలో కూడా చెప్పాను. "మా ఇంట్ల పొద్దుగాల లేస్తే దోసెలేనక్కా. కండ్లు మూసుకొని ఏస్త." (వేసేది మా అమ్మ. నేను కళ్ళు మూసుకునే ఉండేదాన్ని, పడకలో.)

"ఏమే హన్మకొండా," అంది అక్క నెమ్మదిగా, "మొన్న ఉప్మా మాడబెట్టి గిన్నె పారేసింది ఎవరే? ఆ పిల్ల నీ మాట నమ్మేసి మొహం కడుక్కోడానికెళ్ళింది. నీకసలు గరిటె ఎటు పట్టుకోవాలో తెలుసా?"

"ఏం గాదక్కా, పది దినాలున్నయ్ గద. నేర్సుకుంట. నువ్వు జర నేర్పు."

"నేర్పుతాను గానీ, ఆ రోజు నేను చెయ్యెట్టను. నువ్వన్న మాట నువ్వే నిలబెట్టుకో."

అలా మొదలయ్యాయి ఆ పది రోజులు. అక్కకి వచ్చింది దోసె కాబట్టి నాకు నేర్పిందీ దోసె పద్ధతే. నీళ్ళు చిలకరించు, ఉల్లిపాయ చెక్కతో రుద్దు, పిండి పొయ్యి, తిప్పు, అంచున నూనె, మడత. అక్క స్టూలు మీద కూర్చుని పాఠం అప్పజెప్పించినట్టు చెప్పేది. "పొయ్యవే. తిప్పు. నూనె. మడతెట్టు. మళ్ళీ." మొదటి రోజు పిండి పెనానికి అంటుకుంది, రెండో రోజు గరిటెకి అంటుకుంది, మూడో రోజు ఏకంగా నా జుట్టుకి అంటుకుంది. పాడైనవి పారెయ్యడానికి మనసొప్పక మూడు పూటలా అవే తిన్నాం. రేవు ప్రతి ముక్కనీ చాలా బాగుందనే తినేది. అంతలో పిండి అయిపోయింది. జర్మనీ మొత్తానికి ఆ నెలలో గోధుమపిండి పిచ్చి పట్టింది, ఏ కొట్టుకెళ్ళినా మేల్, అంటే పిండి, ఉండాల్సిన అరలో చీటీ మాత్రమే ఉండేది. ముగ్గురం మూడు దిక్కులకి సైకిళ్ళు తొక్కి రెండు పొట్లాలు సంపాదించాం. నా ధాటికి అవి రెండు రోజులు కూడా ఆగలేదు.

ఐదో రోజున ఆఖరి పిండితో వేస్తుంటే పొగ లేచి, పైకప్పుకి ఉన్న అలారం గీపెట్టింది. అక్క తువ్వాలు విసురుతుండగానే కింద తలుపు తెరుచుకుంది. కింద ఉండేది ఇంటావిడ, ఎనభై ఏళ్ళ మనిషి, మేం ఓమా అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో నాయనమ్మో అమ్మమ్మో. మూతికి స్కార్ఫు చుట్టుకుని మెట్ల కింద నిలబడింది.

"నిప్పంటుకుందా?"

"లేదండీ, అట్టు వేస్తున్నాం," అన్నాన్నేను.

"బుధవారం నుంచీ అదే వాసన. ఒక్క అట్టుకి ఇన్ని రోజులా?"

మెట్ల మీద కూర్చుని సంగతంతా చెప్పాం, తను కింద, మేం పైన, మధ్యలో మెట్లన్నీ ఖాళీ. ఓమా పూర్తిగా వింది. మనవరాలు నదికి అవతలే ఉంటుందని, చూసి నెలయిందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున మూడో మెట్టు మీద నాలుగు పిండి పొట్లాలున్నాయి. ఆవిడ కెల్లర్‌లో, ఆ నేలమాళిగలో, ఇంకెన్ని దాచిందో ఆవిడకే తెలియాలి. పైన చీటీ: పాలు ఎక్కువ పొయ్యండి, ఒంటిగంట నుంచి మూడింటి దాకా మాత్రం ఇల్లు తగలబెట్టకండి. పాలు పోశాను. ఆరో రోజున అట్టు పెనం మీంచి లేచింది, ఎనిమిదో రోజున గుండ్రంగా వచ్చింది, పదో రోజున ఏడు పోస్తే ఏడూ చిరక్కుండా వచ్చాయి. ఆ రాత్రి నేను అద్దంలో చూసుకున్నాను కూడా, మొహంలో ఏమన్నా తేజస్సు వచ్చిందేమోనని.

శనివారం వచ్చింది. మాకు పొద్దున పది, అక్కడ సాయంత్రం ఐదు. రేవు తలస్నానం చేసి, నెల రోజులుగా బీరువాలో ఉన్న మంచి గౌను వేసుకుని, ఇంట్లోనే బూట్లు తొడుక్కుని, భుజాన సంచీ తగిలించుకుని వంటింట్లోకి వచ్చింది. బామ్మకి చెప్పాలనుకున్నవన్నీ రాసుకున్న కాయితం ఆ సంచీలో ఉంది, రోజూ కొట్టేసి రోజూ రాసింది. ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య కుర్చీ వేశాం, అసలుది గోడవార కాబట్టి. అక్క ఫోను పట్టుకుంది. స్నేహితురాలు అక్కడ ఓడరేవు ఒడ్డున నిలబడి చెయ్యూపింది. పడవ వచ్చింది, నలుగురే దిగారు. రేవు నోట్లోనే ఏదో గొణుక్కుంటూ చూస్తోంది. బజారు వీధిలో సగం షట్టర్లు మూసున్నాయి, ఐస్‌క్రీం కొట్టుకి కూడా. మెట్ల మీద పిల్లులు మాత్రం దేన్నీ లెక్కచేయకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి. పిట్టగోడ దాటాక స్నేహితురాలు కుడివైపు తిరిగింది. నేను ఆగలేక, "ఆ సందు కాదు, దాని తర్వాతది, నీలం తలుపు దగ్గర" అని అరిచాను. ఆవిడ ఆగిపోయి ఏదో అడిగింది. రేవు నవ్వింది, ఆ పది రోజుల్లో మొదటిసారి.

"ఈ అమ్మాయి మన ఊళ్ళో ఎప్పుడుందని అడుగుతోంది," అంది రేవు. "ఎప్పుడూ లేదని చెప్పాను." కుడివైపు సందు మొదట్లోని నీలం తలుపు తీసేసి రెండేళ్ళయిందట, అదే దారి. ఫొటోల్లో చూసి తెలుసుకున్న ఊరు గదా, నాకు అంతవరకే తెలుసు.

కొట్టు బయట మనుషులు దూరం దూరంగా నిలబడి ఉన్నారు. బామ్మ తలకి గుడ్డ కట్టుకుని, నేననుకున్న దానికంటే పొట్టిగా ఉంది. పలకరింపు లేదు. ఫోను వైపు ఒకసారి చూసి, ఆలస్యమైందని మాత్రం అంది. స్నేహితురాలు ఫోనుని మూల కుర్చీ ఎదురుగా సాసు సీసాకి ఆనించి, తను పక్కన కూర్చుంది. బామ్మ గరిటె తీసింది. నేనూ తీశాను. నీళ్ళు చిలకరించి ఉల్లిపాయతో రుద్దుతుంటే ఎందుకని అడిగింది. పెనం మాట వినడానికని చెప్పాను. రేవు దాన్ని అటు చేరవేస్తే బామ్మ తలూపింది. పిండి పోసి తిప్పాను. ఏం చెప్పమంటారు, కాయితంలా వచ్చింది. బామ్మ తన పని ఆపి చూసింది. ఎవరు నేర్పారని అడిగింది. మా అమ్మ అన్నాను. ఫోను పట్టుకున్న అక్క గట్టిగా దగ్గింది.

క్యాబేజీ వేశాను, నూడుల్స్ వేశాను. అంచు చుట్టూ నూనె వేశాను. ఇప్పుడు గుడ్డు కొట్టి మొత్తం తిరగెయ్యాలి. నాకు తెలుసు. కానీ నూనె తర్వాత ఏం చెయ్యాలో పది రోజులుగా నేర్చుకున్న నా చెయ్యి నన్ను అడగలేదు. అట్లకాడ అంచు కిందికి పోనిచ్చి, ఒడుపుగా లేపి, క్యాబేజీ, నూడుల్స్ లోపలుండగానే సగానికి మడత పెట్టేసింది. మన హోటళ్ళలో మసాలా దోసెకి పెట్టినట్టే, అంతే నీటుగా.

"మడతెట్టేసింది," అంది అక్క, ఎవరితోనూ కాకుండా.

ఒక్క ఆకారం, ఒక్క పూట, ఒక్క కుర్చీ, దాన్ని కూడా పాడుచేశాను. రేవు వైపు చూడలేకపోయాను. పారేసి ఇంకొకటి వేస్తాను, రెండు నిమిషాలు ఆగమని చెప్పు అన్నాను. రేవు చెప్పింది. బామ్మ ఫోనుకి దగ్గరగా వంగి, మడతపడి ఉన్నదాన్ని చూసి రెండు మాటలంది.

"ఉడికిందా అని అడుగుతోంది," అంది రేవు. "ఉడికితే తిండిని పారేస్తారా అంటోంది."

తర్వాత బామ్మ నిటారుగా నిలబడి, తన పెనం మీద పద్ధతిగా పేర్చి ఉన్న ఆ గుట్టని ఒక నిమిషం చూసి, రెండు అట్లకాడలూ కిందికి తోసి, దాన్ని కూడా సగానికి మడతపెట్టింది. అలవాటు లేని పని కదా, నాదంత నీటుగా రాలేదు. సాసు పూసి స్నేహితురాలి ముందు పెట్టింది. ఇక్కడ నేనూ సాసు పూసి రేవు ముందు పెట్టాను. అక్కడ చేసిందీ ఇక్కడ తినేదీ ఒకటే అయింది, షరతు ప్రకారం. బయట నిలబడ్డవాళ్ళు మెడలు చాచి ఆ వింత చూస్తున్నారు.

రేవు తింది. కాయితం సంచీలోనే ఉండిపోయింది. బామ్మ పెనం గీకుతూ మధ్య మధ్య మూల వైపు చూస్తోంది, అంతే. నేను మన అలవాటు కొద్దీ ఇంకొకటి వెయ్యనా అని గరిటె ఎత్తితే అక్క కళ్ళతోనే ఆపింది. రేవు ఆఖరి క్యాబేజీ పోగు దాకా తిని, ఖాళీ పళ్ళెం ఎత్తి ఫోనుకి చూపించింది. బామ్మ చూసి ఏదో అంది, పొట్టి మాట, కాస్త కసురుగా.

రేవు చటుక్కున లేచింది. సంచీ భుజానికి తగిలించుకుని, నడుం వంచి దణ్ణం పెట్టి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి తోసి, వంటింట్లోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. నేను వెనకే పరిగెత్తాను. నడవలో గోడకి ఆనుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. ఏమంది, తిట్టిందా అని అడిగాను.

"తిన్నావుగా, ఇక లే, బయట జనం ఉన్నారు అంది," అంది రేవు. అప్పుడు ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "రోజూ అలాగే అనేది."

ఇప్పుడు నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, నలుగురూ అడిగితే సలహాలిచ్చే వయసొచ్చింది. ఎవరైనా ఊరెళ్ళలేక బెంగగా ఉందంటే పెద్దరికంగా తలూపి, సెలవులు చూసుకోండి, టికెట్లు తగ్గాక చూద్దాం అంటాను. అన్నీ సరైన మాటలే, ఎవరికీ కడుపు నింపవు. అప్పుడప్పుడు ఆ హన్మకొండ పిల్ల గుర్తొస్తుంది, ఏమీ చేతగాకుండానే చేస్తానని లేచి నిలబడ్డ మనిషి. ముందు మాటిచ్చేసి తర్వాత నేర్చుకునేది. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.